చేతిలో 2,300 ఉన్నాయి, ఇంట్లోకి కుక్కపిల్ల వచ్చింది. ఏం చేయమంటారు?

అత్తాపూర్_లెక్కలు | మే 18, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు.

నేను ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపులో అకౌంటెంట్‌ని. మార్చి నెలాఖరుకి షాపు మూసేశారు. రెండు నెలల జీతం రావాలి, వస్తుందన్న ఆశ లేదు. మా ఆవిడ బ్లౌజులు కుడుతుంది, ప్రస్తుతం ఇల్లు ఆ మిషన్ మీదే నడుస్తోంది. అద్దె 8,500. జూన్‌లో పాప స్కూలు ఫీజు.

మొన్న పక్క సందులో కడుతున్న అపార్ట్‌మెంట్ దగ్గర వాటర్ ట్యాంకర్ కింద పడి ఒక కుక్క చచ్చిపోయింది. ఇసక కుప్ప వెనక దాని పిల్లలు రెండు. మగదాన్ని అక్కడి వాచ్‌మన్ పెట్టుకున్నాడు. ఆడదాన్ని ఎవరూ అడగలేదు. మా పాప గౌనులో పెట్టుకుని తెచ్చేసింది. బూందీ అని పేరు కూడా పెట్టేసింది. నెలా పదిహేను రోజులుంటుందేమో.

ప్యాకెట్ పాలు, అందులో బిస్కెట్లు నానబెట్టి పెడుతున్నాం. నిన్నటి నుంచి పల్చగా విరేచనాలు. దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే ఒక లిస్టు రాసిచ్చారు: మేత బ్యాగు, కాల్షియం సిరప్, షాంపూ, పరుపు, టీకా, నట్టల మందు. మొత్తం 4,600. నా దగ్గర ఉన్నవి 2,300, అవి కూడా కరెంటు బిల్లు కట్టక ముందు. ఏమీ కొనకుండా బయటికొచ్చేశాను.

ఇది మా ఆవిడ కుట్టుమిషన్ కింద గుడ్డ పీలికల్లో పడుకుంటుంది. మిషన్ చప్పుడు ఆగితే లేచి కుయ్ కుయ్ అంటుంది. మళ్లీ తొక్కితే పడుకుంటుంది. పెంచగలనా లేదా అన్నది తేల్చుకోలేకపోతున్నా. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నిర్మొహమాటం | మే 18, రాత్రి 11:05

ఉన్నది ఉన్నట్టు అడిగారు కాబట్టి చెప్తున్నా. పెంచలేరు. కుక్క పన్నెండు, పదమూడేళ్లు బతుకుతుంది. మీకు వచ్చే నెల అద్దెకే దిక్కు లేదు. పాప ఏడుస్తుంది, వారం రోజుల్లో మర్చిపోతుంది. ఎవరైనా తీసుకునేవాళ్లుంటే ఇప్పుడే ఇచ్చేయండి. నాలుగు నెలలు దాటిన ఆడ నాటుపిల్లని ఎవరూ తీసుకోరు.

బ్రూనో వాళ్ళమ్మ | మే 18, రాత్రి 11:12

నిర్మొహమాటం గారూ, రాత్రి పదకొండింటికి ఆ మనిషికి ఇలాగేనా చెప్పేది!

అన్నా, ముందు పాలు ఆపండి. తల్లి పాలు వేరు, గేదె పాలు వేరు. చాలా పిల్లలకి అరగవు, అందుకే విరేచనాలు. కాచి చల్లార్చిన నీళ్లు చిన్న గిన్నెలో ఎప్పుడూ అందుబాటులో పెట్టండి. అసలే మే ఎండలు, ఒంట్లో నీళ్లు పోతే పిల్లలు తట్టుకోలేవు. రేపు మెత్తగా ఉడికించిన అన్నం, ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ కొద్దిగా.

డాలస్ డాడీ | మే 18, రాత్రి 11:48

ఇక్కడ మేం మా లాబ్రడార్‌కి మొదటి రోజే పెట్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం. ఇండియాలో కూడా ఇస్తున్నారట కదా, కనుక్కోండి. నెలనెలా కట్టుకుంటూ పోతే టెన్షన్ ఉండదు.

లంగర్‌హౌస్ కిరాణా | మే 19, ఉదయం 6:20

నెలనెలా కట్టేంత ఉంటే ఆయన ఇక్కడికి ఎందుకొస్తాడు బ్రదర్.

కాంపౌండర్ బాబాయ్ | మే 19, ఉదయం 7:15

నేను ముప్పై ఏళ్ల పైన సర్కారు పశువుల ఆస్పత్రుల్లో కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాదు. కానీ చేతిలో డబ్బు లేకుండా వచ్చినవాళ్లను చూసినంతగా ఇంకెవరినీ చూడలేదు, కాబట్టి ఆ లెక్కన చెప్తా.

ఆ లిస్టులో మీకు కావలసినవి రెండే. నట్టల మందు, టీకా. మిగతాదంతా కొట్టేయండి. షాంపూ దేనికి? టీకాలు పూర్తయ్యేదాకా స్నానమే అక్కర్లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. పరుపు మిషన్ కింద ఆల్రెడీ ఉంది.

నట్టలు ముందు. వీధి పిల్లల్లో నట్టలు లేనిదాన్ని నేను చూడలేదు. తల్లి కడుపులో ఉండగానే కొన్ని ఎక్కుతాయి, పాలల్లో కొన్ని వస్తాయి. కొంకి పురుగులైతే పేగుకు పట్టుకుని రక్తం తాగుతాయి. చిగుళ్లు ఎత్తి చూడండి, గులాబీ రంగులో ఉన్నాయా, తెల్లగా పాలిపోయి ఉన్నాయా? మందు తూకాన్ని బట్టి వేస్తారు, అందుకని బరువు చూడకుండా మెడికల్ షాపువాడు ఇచ్చిందల్లా పోయకండి. మూడు నెలలు నిండేదాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల వరకు నెలకోసారి వేయాలి. దీని ఖర్చు చాలా తక్కువ.

టీకా రెండోది. పార్వో, డిస్టెంపర్ అని కుక్కపిల్లల ప్రాణాలు తీసే జబ్బులున్నాయి, అలాంటివాటికి కలిపి వేసే టీకా ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి డోసు, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. విరేచనాలు తగ్గాకే టీకా వేయించండి, నీరసంగా ఉన్న పిల్లకి వేయరు.

మీరుండేది అత్తాపూర్ అయితే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే. అక్కడి క్లినిక్‌లో చూపించండి. అంతకంటే పెద్దది కావాలంటే నారాయణగూడలో సర్కారు సూపర్ స్పెషాలిటీ పశువుల ఆస్పత్రి ఉంది. పొద్దున్నే వెళ్లండి, ఓపీ అయిపోయాక వెళ్తే తిరిగి రావాల్సిందే. ఒక సంగతి గుర్తుంచుకోండి. సర్కారు ఆస్పత్రిలో రేబిస్ టీకా మామూలుగా దొరుకుతుంది గానీ ఈ కలిపి వేసేది చాలాసార్లు మనమే బయట కొని తీసుకెళ్లాలి. ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసి అందులో పెట్టుకుని వెళ్లండి. మే నెల ఎండలో జేబులో వేసుకెళ్తే అది టీకా కాదు, ఉత్త నీళ్లు.

ఇక నిర్మొహమాటం గారు అన్నదాంట్లో తప్పు లేదు. ఇవ్వాలనుకుంటే ఇప్పుడే ఇవ్వాలి, ఆరు నెలలకు కాదు. కానీ ఇచ్చినా ఉంచుకున్నా ఈ రెండూ చేయించాకే.

సిద్దిపేట సాయన్న | మే 19, ఉదయం 9:30

గింత హైరానా ఎందుకన్నా? మా ఊళ్ల కుక్కలకు ఎవరేసిన్రు టీకాలు? ఇంట్ల మిగిలిన గట్క, మజ్జిగ తాగి పెరిగినయ్. ఒక్కదాన్ని ఆస్పత్రికి తీస్కవోయింది లేదు.

కాంపౌండర్ బాబాయ్ | మే 19, ఉదయం 9:52

సాయన్నా, మీ ఊళ్లో ఒక కుక్క ఈనితే ఎన్ని పిల్లలు పుట్టేవి? ఆరు, ఏడు. వాటిలో ఏడాది తర్వాత వాకిట్లో తిరిగేవి ఎన్ని? మనకు గుర్తున్నది ఆ మిగిలిన ఒక్కటే. అది గట్క తిని పెరిగిందని చెప్పుకుంటాం. తక్కినవాటిని ఎవరు లెక్కపెట్టారు?

సిద్దిపేట సాయన్న | మే 19, ఉదయం 10:10

అది నిజమే. మా నాయిన పొద్దుగాల్లేచి గంపల ఏస్కపొయ్యి పారేసొచ్చేటోడు. యాది లేకుండెనే నాకు.

అత్తాపూర్_లెక్కలు | మే 19, మధ్యాహ్నం 2:05

బాబాయ్ గారూ, చాలా థాంక్స్. చిగుళ్లు చూశాం, కొంచెం పాలిపోయినట్టే ఉన్నాయి. రేపు పొద్దున్నే రాజేంద్రనగర్ వెళ్తా. తిండి సంగతి చెప్తారా? రోజూ చికెన్ అంటే మాకే లేదు.

ఇంకోటి. పాప వేలు కొరికింది ఆటలో. చిన్న గాటు, చుక్క రక్తం. పసుపు పెట్టాం. పిల్లే కదా, ఫర్వాలేదా?

కాంపౌండర్ బాబాయ్ | మే 19, మధ్యాహ్నం 2:11

ఫర్వా ఉంది. తిండి తర్వాత. ముందు పాప.

పసుపు కడిగేయండి. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు, గడియారం చూసి కడగండి. తల్లి చనిపోయింది, దాన్ని ఏ కుక్క కరిచిందో, పిల్లలకు ఏమైనా అంటిందో ఎవరికీ తెలియదు. నెలన్నర పిల్లకి రేబిస్ రాదని రూలేం లేదు. ఈ రోజే సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్లండి, టీకా ఉచితం. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, మీ దగ్గరి సర్కారు ఆస్పత్రిలో ఉందేమో ముందు అడగండి. రక్తం వచ్చిందని డాక్టరుకి తప్పకుండా చెప్పండి, గాయం దగ్గర వేసే ఇంజెక్షన్ కూడా అవసరమా అన్నది వాళ్లు చూస్తారు. టీకా ఈ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ఒక్కటి కూడా మానకూడదు. రేబిస్ వచ్చాక మందు లేదు.

తెనాలి వదిన | మే 19, సాయంత్రం 4:30

తిండి విషయం నేను చెప్తా, మా ఇంట్లో రెండు నాటుకుక్కలు ఇలాగే పెరిగాయి. చికెన్ షాపులో మాంసం కొనకండి. కందనకాయలు, కాస్త లివరు, అడుగున మిగిలిన ముక్కలు అడగండి. సాయంత్రం షాపు కట్టేసే వేళకి వెళ్తే మా షాపతను సగం డబ్బులకే ఇచ్చేవాడు. రెండు మూడు రోజులకి సరిపడా ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. రేషన్ బియ్యం మెత్తగా వండి, అందులో ఇది కలిపి, గుమ్మడికాయో క్యారెట్టో ఉడికించి చిదిమి వేయండి. రోజు మార్చి రోజు ఒక కోడిగుడ్డు, ఉడికించింది. లివరు మాత్రం రోజూ వద్దు. చిన్న పిల్ల కదా, రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి.

మీ కూరలు మాత్రం కలపకండి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకి విషం కిందే లెక్క. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా. పాపకి గట్టిగా చెప్పండి, పిల్లలే ప్రేమగా పెట్టేస్తారు.

బ్రూనో వాళ్ళమ్మ | మే 19, సాయంత్రం 5:02

వదినా, బాగా చెప్పారు. ఉడికించిన ఎముకలు అసలు వద్దని కూడా చెప్పండి. ఉడికితే పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఇక అన్నం, మాంసం మాత్రమే పెడుతూ పోతే కాల్షియం చాలక పెరిగే పిల్లకి కాళ్లు వంకర పోతాయి. కోడిగుడ్డు పెంకులు కడిగి ఎండబెట్టి మెత్తగా పొడి చేసి కలపొచ్చు, ఎంత వేయాలో డాక్టర్ని అడగండి. కుదిరినప్పుడు కుక్కపిల్లల మేత లూజుగా అరకిలో తెచ్చి ఇందులో కలిపితే ఇంకా మంచిది.

బ్రూనోకి పాత బెల్టు, రెండు స్టీలు గిన్నెలు ఉన్నాయి, మెహదీపట్నం వైపు వస్తే ఇస్తాను. మొదటి టీకా డబ్బులు కూడా నేను పంపుతాను, మీ ఫోన్‌పే నంబరు ఇన్‌బాక్స్‌లో పెట్టండి.

అడ్మిన్ | మే 19, సాయంత్రం 5:20

అమ్మా, ఈ గ్రూపులో డబ్బు లావాదేవీలు వద్దని నియమం. పోయినేడు ఒకతను లేని కుక్క ఫొటో పెట్టి వసూళ్లు చేశాడు. ఈయన అలాంటివారని కాదు. సాయం చేయాలంటే నేరుగా ఆస్పత్రి కౌంటర్‌లోనో, మందుల షాపులోనో కట్టండి.

అత్తాపూర్_లెక్కలు | మే 19, రాత్రి 8:45

పాపకి ఇంజెక్షన్లు వేయించాం. డాక్టరమ్మ పసుపు చూసి మా ఆవిడని బాగా తిట్టింది.

అక్కా, మీ మాటే చాలు. డబ్బు వద్దు. బెల్టు, గిన్నెలు తీసుకుంటాను. డబ్బు తీసుకుంటే రేపు పాపకి ఏం చెప్పాలో నాకు తెలియదు.

లంగర్‌హౌస్ కిరాణా | మే 19, రాత్రి 9:10

అకౌంటెంట్ అన్నారు కదా. జీఎస్టీ వచ్చా? నా పాత అకౌంటెంట్ గల్ఫ్ వెళ్లిపోయాడు. బిల్లులన్నీ ఒక నూనె అట్టపెట్టెలో పడి ఉన్నాయి, నెలనెలా వేయాల్సిన జీఎస్టీ రిటర్ను, 3బీ, లేటయిపోయి ఫైన్ పడుతోంది. 2,500 ఇస్తాను, వచ్చి ఒక కొలిక్కి తేండి. కుక్కపిల్లని కూడా తీసుకురండి, బరువు చూడాలన్నారుగా బాబాయ్, మా కాటా ఉంది. ఇది సాయం కాదు, పని.

అత్తాపూర్_లెక్కలు | మే 26, ఉదయం 11:15

అప్‌డేట్. నట్టల మందు వేశాం, రెండో రోజు విరేచనంలో సేమియాలాగా పురుగులు పడ్డాయి. పాప వాంతి చేసుకున్నంత పని చేసింది. విరేచనాలు తగ్గాయి. నిన్న మొదటి టీకా అయింది, ఫ్లాస్కులో ఐసు పెట్టుకునే వెళ్లా. కాటా మీద 1 కిలో 900. పెసరపప్పు బస్తా పక్కన కూర్చోబెడితే తూకం నిలవనివ్వలేదు.

వాచ్‌మన్‌కి కూడా చెప్పాను టీకా వేయించమని. వచ్చే జీతానికి చూద్దాం సార్ అన్నాడు. నేనూ గట్టిగా అనలేకపోయా, ఆయన పరిస్థితి నాకు తెలియనిదా.

మా కొత్త తలనొప్పి ఇంటి ఓనరు. మెట్ల మీద ఉచ్చ పోసిందని నిన్న పైనుంచి అరిచారు.

డాలస్ డాడీ | మే 26, మధ్యాహ్నం 12:40

కుక్కల్ని పెంచుకోకుండా అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. దాని ప్రింటు తీసి చూపించండి.

తెనాలి వదిన | మే 26, మధ్యాహ్నం 1:15

చూపించి? రెండు నెలలు అద్దె ఆలస్యమైతే ఓర్చుకోవాల్సింది ఆ ఓనరేగా. కాగితం దాచుకోండి, బకెట్టూ చీపురూ తీసుకుని ముందు మెట్లు కడగండి. తర్వాత మీ ఆవిడ్ని పంపి ఓనరుగారావిడ జాకెట్టు ఒకటి కుట్టివ్వండి. తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే పాత పేపరు మీద కూర్చోబెడితే పది రోజుల్లో అలవాటవుతుంది. కొట్టకండి, మూతి అందులో పెట్టి రుద్దకండి.

అత్తాపూర్_లెక్కలు | జూన్ 4, ఉదయం 5:50

ఎవరైనా లేచి ఉన్నారా. రాత్రి నుంచి మూడు వాంతులు. ఇప్పుడు విరేచనంలో రక్తం చారలు. తినడం లేదు. మొన్న వాచ్‌మన్ దగ్గర ఉన్న దాని అన్న చనిపోయింది. రెండు రోజులు ఇలాగే రక్తం విరేచనాలు పోయిందట. వాళ్ల గదికి వెళ్లి చూసొచ్చాను నేను. పక్కింటాయన డోలో పావు ముక్క వేయమంటున్నారు.

కాంపౌండర్ బాబాయ్ | జూన్ 4, ఉదయం 5:58

డోలో వద్దు, మనుషుల మందు ఏదీ వద్దు. నొప్పి మాత్రలు అసలే వద్దు. నోట్లో బలవంతంగా ఏమీ పోయకండి. గుడ్డలో చుట్టి వెచ్చగా ఉంచండి, ఆస్పత్రి తెరిచే వేళకి గేటు దగ్గర ఉండండి. పార్వో అయితే సెలైన్, వాంతులు ఆగే ఇంజెక్షనే ప్రాణం నిలబెట్టేవి. ఆలస్యమైన ప్రతి గంటా లెక్కే. విరేచనం కొద్దిగా కవర్‌లో తీసుకెళ్లండి. మీ చెప్పులు గుమ్మం బయటే వదిలేయండి, ఆ గదికి వెళ్లినవి.

బ్రూనో వాళ్ళమ్మ | జూన్ 4, ఉదయం 6:30

అన్నా, నేను స్కూటీ మీద వస్తున్నా. అత్తాపూర్‌లో ఎక్కడో లొకేషన్ పెట్టండి. ఆటో డబ్బులు మిగులుతాయి. ఇది సాయం కాదు అనే డైలాగు నాకు రాదు, సాయమే.

అత్తాపూర్_లెక్కలు | జూన్ 4, రాత్రి 9:30

పార్వో కాదు. కిట్‌తో టెస్టు చేశారు, నెగెటివ్. మైక్రోస్కోపులో చూస్తే కొంకి పురుగుల గుడ్లు నిండా ఉన్నాయట. పోయిన ఆదివారం వేయాల్సిన రెండో నట్టల డోసు నేను మర్చిపోయా. పాప ఇంజెక్షన్లు, ఇంటర్వ్యూ, ఆ గొడవలో గుర్తే లేదు. సెలైన్ ఎక్కించారు, రెండు రోజులు మళ్లీ రమ్మన్నారు. సాయంత్రం గ్లూకోజు నీళ్లు నాలుగు చుక్కలు నాకింది.

డాక్టరు గారు ఒక డోసు టీకా పడింది కాబట్టి నిశ్చింత అనుకోవద్దు, పూర్తయ్యేదాకా నేల మీద వదలొద్దు అన్నారు.

వాచ్‌మన్ పిల్ల గురించే ఆలోచన వదలడం లేదు. లంగర్‌హౌస్ పనికి వచ్చిన 2,500లో దానికీ ఒక డోసు వచ్చేది. ఆ రోజు నా చేతిలో ఉంది ఆ డబ్బు.

నిర్మొహమాటం | జూన్ 4, రాత్రి 10:02

ఆ డబ్బుతో మీరు పాప పుస్తకాలు కొని ఉంటారు. అలా లెక్కలు వేసుకోకండి.

కాంపౌండర్ బాబాయ్ | జూన్ 4, రాత్రి 10:20

మీ పిల్లకి పార్వో కాకపోయినా, దాని అన్నకి వచ్చింది అదే అయ్యుండొచ్చు. ఫినాయిల్‌తో పార్వో చావదు. ఇంట్లో వాడే బ్లీచు ద్రవం ఒక వంతుకి ముప్పై వంతుల నీళ్లు కలిపి, ముందు చెత్త తుడిచేసి, దాంతో నేల తడిపి పది నిమిషాలు ఉంచి కడగండి. గుమ్మం, మీ చెప్పుల అడుగులు కూడా. ఆ వాచ్‌మన్‌కి చెప్పండి, ఏడాది దాకా ఆ గదిలో ఇంకో కుక్కపిల్లని పెట్టొద్దని. మట్టిలో అది నెలల తరబడి ఉంటుంది.

నట్టల తేదీలు పాప చేత క్యాలెండర్‌లో రాయించండి. జూలై 6 కూడా గుర్తు పెట్టమనండి. ఏటా ఆ రోజు జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకి అంటే జబ్బుల దినం అని సర్కారు పశువుల ఆస్పత్రుల్లో కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. 1885లో పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటి రేబిస్ టీకా వేసింది ఆ తేదీనే. అప్పటికి మీ బూందీకి మూడు నెలలు నిండుతాయి, సరిగ్గా సరిపోయింది.

అత్తాపూర్_లెక్కలు | జూలై 6, సాయంత్రం 6:10

రేబిస్ టీకా అయింది. క్యూలో మా ముందు హస్కీ, వెనక పామరేనియన్. పాప మాత్రం అందరికీ మాది ఇసక కుప్ప జాతి అని చెప్పింది.

అలవాటు పోదు కాబట్టి యాభై రోజుల లెక్క రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది. నట్టల మందు అన్నీ కలిపి 165. కలిపి వేసే టీకా రెండు డోసులు 1,480. జూన్‌లో ఆస్పత్రి, మందులు 640. గుడ్లు, చికెన్ షాపు 1,310. బ్లీచు 40. రేబిస్ సున్నా. నమిలేసిన ఫోన్ చార్జరు 250. మొత్తం 3,885. చార్జరుని ఏ పద్దు కింద రాయాలో తేల్చుకోలేకపోతున్నా.

ఉద్యోగం ఇంకా లేదు. రెండు షాపుల లెక్కలు చూస్తున్నా. ఆరు నెలలు నిండాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి ఇప్పటి నుంచే వారానికి వంద పక్కన పెడుతున్నాం, మిషన్ సొరుగులో. రెండు వారాలు పెట్టలేకపోయాం. ఎవరికైనా ఇచ్చేద్దామా అని జూన్‌లో ఒకసారి మా ఆవిడతో అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, మిషన్ ఆపేసింది. కిందనుంచి ఇది లేచి కుయ్ అంది.

లంగర్‌హౌస్ కిరాణా | జూలై 6, సాయంత్రం 6:40

చార్జరు 'రిపేర్లు, నిర్వహణ' కింద రాసేయండి. 3బీకి 20వ తేదీ లోపు రావాలి మీరు, మర్చిపోకండి. దాన్నీ తీసుకురండి. పప్పు బస్తా పక్కకి జరిపిస్తా, ఎంత పెరిగిందో చూద్దాం.